పురుడు తీరని లాగిన్

నాకింకా ముప్పై ఏళ్ళు నిండలేదు, ఉద్యోగ జీవితం మాత్రం ముగిసినట్టే ఉంది. ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా పదవీ విరమణ చేసినవాళ్ళు రాస్తారు. వాళ్ళకు పింఛను ఉంటుంది, తీరిక ఉంటుంది. నాకు పాప నిద్రపోయి మళ్ళీ లేచేదాకా ఉన్నదే తీరిక. ఆ మధ్యలో కూడా ఒకటికి రెండుసార్లు వెళ్ళి దాని నుదురు పట్టి చూసి వస్తాను. జ్వరం ఏమీ ఉండదు, అయినా చూస్తాను. కాబట్టి ఎక్కడైనా మాట తెగినట్టుంటే సర్దుకుని చదువుకోండి. బీకామ్ కంప్యూటర్స్ చదివి, రేపో ఎల్లుండో ఏదో ఒక హోల్‌సేల్ ఆఫీసులో సిస్టమ్ ముందు కూర్చోబోయే చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పని సంగతులివి.

మార్కాపురంలో మాది సరుకుల పంపిణీ కంపెనీ. ‘మాది’ అనే మాట అలవాటుకొద్దీ వచ్చింది, క్షమించండి. సబ్బులు, బిస్కెట్లు, నూనె, టీపొడి తయారీ కంపెనీల నుంచి తెప్పించి, గిద్దలూరు వైపు, దొనకొండ వైపు ఊళ్ళలోని దుకాణాలకు వ్యాన్లలో పంపడం పని. ఒక గోడౌన్, దాని ముందు అద్దాల గది, గదిలో ఒక యజమాని, ఆయన పెద్దక్క, ఆయన బావమరిది. ఈ ముగ్గురూ కలిస్తే మేనేజ్‌మెంట్. బిల్లులు కొట్టేది నేను. బిల్లు లేకుండా వ్యాను గేటు దాటకూడదు గనుక, నేను కొడితేనే బండి కదిలేది. గిద్దలూరు నుంచి పొద్దున్నే రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటో పట్టుకుని ఊళ్ళోకి వచ్చేదాన్ని.

మా పాత బిల్లింగ్ ప్రోగ్రాం రోజుకోసారి ఆగిపోయే స్థితికి వచ్చింది. సబ్బుల కంపెనీ వాళ్ళు కూడా, స్టాకు, అమ్మకాలు తమకు ఎప్పటికప్పుడు కనపడేలా కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని గట్టిగా చెప్పారు. ఏది కొనాలో చూసే పని నాకూ బావమరిదికీ పడింది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి కాన్పుకని వెళ్ళి తిరిగి రాలేదు. రాలేదు అనేది ఆఫీసు మాట. రానివ్వలేదని ఆ అమ్మాయే ఒకసారి బస్టాండులో కనబడి చెప్పింది. ఆ భయం నాకు అన్నం తింటున్నా ఉండేది. అందుకే యజమానిని ముందే అడిగాను.

"దానికేముందమ్మా! కొత్తది వస్తే ఇంట్లో నుంచి కూడా పని చేసుకోవచ్చంట గదా. నువ్వు దీన్ని బాగా కుదిర్చి పెట్టు. కాన్పయినాక గిద్దలూరులోనే కూర్చొని బిల్లులు కొట్టుకో. నీ ఉద్యోగం యాడికీ పోదు" అన్నాడాయన.

ఆ ఒక్క మాట పట్టుకుని, నడుము నొప్పితో, వాంతులతో, ఎన్ని డెమోలు చూశానో!

మొదట వచ్చినాయన హైదరాబాదు నుంచి, పెద్ద కంపెనీ మనిషి. ఏ దుకాణానికి ఏం పోయింది, గోడౌన్లో ఏ సరుకుకు గడువు దగ్గరపడింది, అన్నీ శుభ్రంగా చూపించాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చివర్లో ఒక తప్పు చేశాడు, నిజం చెప్పాడు: "సార్, కొన్ని పద్ధతులు మీరు కొంచెం మార్చుకోవాల్సి ఉంటుంది."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. "మా నాయన పెట్టిన పద్ధతులయ్యా అవి. ఆయన పోయినాడు గానీ పద్ధతి పోలేదు. నువ్వెవరు మార్చేకి?"

ఆ గదిలో నిజం మాట్లాడిన ఏకైక మనిషిని, ఇచ్చిన కాఫీ చల్లారేలోపు సాగనంపాం.

రెండోది ఒంగోలు నుంచి వచ్చింది. అసలు అది రైసు మిల్లుల కోసం రాసిన ప్రోగ్రాం. ఒంటిసబ్బు ఎక్కించబోతే ‘తవుడు శాతం’ అడిగింది. బావమరిదికి అది తెగ నచ్చింది. "ఖాళీగా పెట్టుకుంటే సరిపోతది గదా!" అన్నాడు. దాన్ని వద్దన్నది తవుడు వల్ల కాదు. చూపించినాయన దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాడని పెద్దక్కకు గిట్టలేదు.

మూడో ఆయన విజయవాడ నుంచి వచ్చాడు. కుర్రవాడే. చిన్న ల్యాప్‌టాప్, పెద్ద నవ్వు. అతనికి వచ్చిన సాంకేతిక పదం ఒక్కటే: అయిపోద్ది.

"బిల్లు పైన లక్ష్మీదేవి బొమ్మ రావాల" అన్నాడు యజమాని.

"అయిపోద్ది సార్."

"దొనకొండ లైను నేను చూసేది. తెరవంగానే అదే పైన కనపడాల" అన్నాడు బావమరిది.

"అయిపోద్దన్నా."

"సరుకుల పేర్లు ఈశాన్యం మూల నుంచి మొదలవ్వాల. గోడౌన్లో యాడ పెట్టినామో అదే వరసలో" అంది పెద్దక్క.

"అయిపోద్దమ్మా."

యజమాని గొంతు తగ్గించాడు. "ఇంగోటి. రాహుకాలంలో, వర్జ్యంలో బిల్లు కొట్టకూడదు. మనుషులకు గుర్తుండదు. మిషనే ఆపేయాల."

అక్కడ ఆ కుర్రవాడు ఒక్క క్షణం ఆగాడు. ఇతను కూడా కాదంటాడేమోనని ఆశపడ్డాను. "లాక్ పెట్టేద్దాం సార్" అన్నాడు.

నేను ఉండబట్టలేక, "అట్లయితే వ్యాన్లు నిలబడిపోతాయి గదా సార్?" అన్నాను.

"నిలబడనీ. చెడ్డ గడియలో పోయి బోల్తా పడేదానికంటే నయం గదా."

"కడుపుతో ఉండేదానివి, నువ్వన్నా ఇట్లాంటివి నమ్మాల" అంది పెద్దక్క నా వైపు జాలిగా చూసి.

నేను అడిగింది ఒక్కటే, ఇంటి నుంచి లాగిన్. "అది ఎలాగూ ఉంటుంది మేడమ్" అన్నాడతను. అంటే, అందరూ అడిగినవాటిలో ప్రత్యేకంగా తయారు చేయక్కరలేనిది నాది ఒక్కటే. వ్యాపారం నడపడానికి పనికొచ్చేదీ అదొక్కటే.

చెల్లెళ్ళూ, ఒకటి గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు మీ యజమానితో ఒక్కసారి కూడా కాదు అనలేదంటే, తర్వాత ఆ కాదులన్నీ మీతో అంటాడు.

తయారైనదాని సొగసు చూడాలి. మిగతా ప్రపంచంలో సరుకు పేరు మొదటి అక్షరం కొడితే సరుకు వస్తుంది. మా దగ్గర ఒంటిసబ్బు కావాలంటే ఈశాన్యం నొక్కాలి, నూనెకు ఆగ్నేయం. బిస్కెట్లు వాయవ్యం. వానకు గోడౌన్ కారి, బిస్కెట్ పెట్టెల్ని హమాలీలు నైరుతికి జరిపారు. సాఫ్ట్‌వేర్ మాత్రం వాటిని వాయవ్యంలోనే చూపించింది. కొత్తగా చేరిన సేల్స్‌మన్ ఒకతను ఫోన్లో దిక్సూచి పెట్టుకుని తిరిగాడు. మేము నవ్వలేదు, ఎందుకంటే అతనికే సరుకు ముందు దొరికేది.

ప్రారంభానికి పంతులుగారు ముహూర్తం పెట్టారు. తెరకు పూలమాల వేశారు. కీబోర్డుకు బొట్లు పెట్టారు, ఆ రోజు నుంచి స్పేస్ బార్ అతుక్కునేది. బయట వ్యాన్లు సరుకు నింపుకుని నిలబడ్డాయి. గిద్దలూరు లైను బండి సంతవేళకు చేరాలి. కొబ్బరికాయ యజమాని కొట్టాడు. పంతులుగారు గడియారం చూసి తలాడించారు. కుర్చీలో ఉన్నది నేను. మొదటి బిల్లు వివరాలు ఎక్కించి నొక్కాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ‘ఇది శుభ సమయం కాదు. దయచేసి వేచి ఉండండి.’

పంతులుగారు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చదివారు. ఆయన పెట్టిన ముహూర్తాన్ని ఒక యంత్రం తప్పు పట్టడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఎవరు నాయనా ఈ పంచాంగం గణించింది?"

"నెట్‌లో దొరికింది పంతులుగారూ" అన్నాడు విజయవాడ కుర్రవాడు.

"ఏ ఊరిది?"

అతను ఫోన్ తీసి చూసుకున్నాడు. "ఢిల్లీది అనుకుంటానండీ."

"ఢిల్లీ వర్జ్యం మార్కాపురానికి ఎట్ల సరిపోతది నాయనా?"

అంతటితో విషయం తేలిపోవాలి. తప్పెవరిదో చెవుల నిండా విన్నారు గదా! కానీ పెద్దక్క చూపు నా కడుపు మీద పడింది.

"నేను ముందే అనుకున్నా. కడుపుతో ఉన్న మనిషి కొబ్బరికాయ కొట్టకూడదంటారు. దీన్ని తెచ్చి కుర్చీలోనే కూర్చోబెడితిరి."

"నేను కొబ్బరికాయ కొట్టలేదక్కా, మీట నొక్కినా."

"ఏదైతే ఏంది? శుభమా అని మొదట చెయ్యి పెట్టింది నువ్వే గదా."

లేవమన్నారు, లేచాను. బావమరిది కూర్చుని నొక్కాడు. ఎరుపు. ఇంకా గట్టిగా నొక్కాడు, మీట మీద కోపం ఉన్నట్టు. ఎరుపే. అతని చెయ్యి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

గిద్దలూరు లైను డ్రైవర్ తలుపు దగ్గరకు వచ్చాడు. నన్ను చెల్లీ అని పిలిచే పెద్దమనిషి, నోరు ఊరుకోదు. "ఏం చెల్లీ, మీ మిషను ఇంకా పండ్లు తోముకోలేదా? ఆడ సంతలో జనం ఇండ్లకు పోయేటట్టు ఉండారు."

"ఉండన్నా, దానికి ఇంకా శుభగడియ రాలేదంట."

"అది వచ్చేసరికి నా బండ్లోని బిస్కెట్లకు గడువు తీరిపోతది."

లాక్ తీసేయమంటే విజయవాడ కుర్రవాడు చెమటలు కక్కాడు. తీస్తే లక్ష్మీదేవి, ఈశాన్యం కూడా పోతాయట, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయట. చివరికి ఒక ఉపాయం చెప్పాడు: యజమాని లాగిన్ ఒక్కదానికి ఏ లాకూ వర్తించకుండా చేస్తానని. "యజమానికి దోషం ఉండదు కదా పంతులుగారూ?" అని అతనే అడిగాడు. పంతులుగారికి భోజనాల వేళ దాటిపోతోంది. "యజమాని సంకల్పం వేరు" అన్నారు. అలా మధ్యాహ్నానికి వ్యాన్లు కదిలాయి. మా గిద్దలూరు బండి చేరేసరికి సంత ఎత్తేశారు.

కొన్నాళ్ళకు నేను కాన్పుకు అమ్మ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళదీ గిద్దలూరే. పాప పుట్టింది. మొదట్లో దానికి పచ్చకామెర్లని ఆసుపత్రిలో లైటు కింద పెట్టారు. ఆ రోజులు నేను తలచుకోను. అది తేరుకుని, ఇంటికొచ్చి, నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాక ల్యాప్‌టాప్ తెరిచాను. నా పేరు కొట్టాను. తెర ఇలా అంది: ‘వినియోగదారు అశౌచంలో ఉన్నారు. అనుమతి లేదు.’

రెండుసార్లు చదివాను. యజమానికి ఫోన్ చేశాను.

"ఓ, అదా" అన్నాడు. "అక్క చెప్పిందిలే. బిల్లు కింద ‘తయారు చేసినవారు’ అని నీ పేరు పడతది, పైన లక్ష్మీదేవి ఉంటది. పురిట్లో ఉండే మనిషి పేరు బాగుండదు గదా అని ఆపించినాం."

"సార్, పురుడు ఎప్పుడో తీరిపోయింది. పాప బోర్లా పడుతోంది."

"అది నాకూ తెలుసులేమ్మా. దాన్ని తీసేది ఎట్లనో ఆ విజయవాడ పిల్లోనికే తెలుసు. వాడేమో ఫోన్ ఎత్తడంలే."

మొదలయ్యే తేదీ పెట్టాడట, ముగిసే తేదీ పెట్టే ఏర్పాటే చేయలేదట. అంటే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో నేను ఈ రోజుకీ బాలింతనే. మా పాప పెళ్ళి నాటికీ నా పురుడు తీరదు.

పక్కన పాపకు నూనె రాస్తున్న మా అమ్మ అంతా విన్నది. మడి, మైల నిష్ఠగా పాటించే మనిషి ఆమె. "ఇల్లు కడిగినాం, నీళ్ళు పోసుకుంటివి. పురుడు వైర్ల మీద నడుచుకుంటా మార్కాపురం పోతదా? ఆ మిషనుకు కూడా నీళ్ళు పోయాల్నంటే చెప్పు, బకెట్ పంపిస్తా" అంది.

ఆ వారమే యజమాని తిరిగి ఫోన్ చేశాడు. నా బదులు బావమరిది బిల్లులు కొడుతున్నాడు. టీపొడి అడిగిన దుకాణానికి బట్టల సబ్బు పోయిందట, వాళ్ళు బండిని వెనక్కి తిప్పి పంపారట. "నా పేరుతో నువ్వు కొట్టుకోమ్మా. పాస్‌వర్డ్ కూడా నువ్వే చూసుకో, నాకెందుకు. పేరు ఎవరిదైతే ఏంది, పని జరగాల గదా" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పండగలా అనిపించింది. ఉద్యోగం దక్కింది అనుకున్నాను. పాప తెల్లవారుజామున గాఢంగా నిద్రపోతుంది. అప్పుడు లేచి అన్ని లైన్ల బిల్లులూ కొట్టేసేదాన్ని. వ్యాన్లు మళ్ళీ వేళకు కదిలాయి. దారితప్పి పోయిన సరుకు లేదు, తిరిగొచ్చిన బండి లేదు. జీతం మాట ఎత్తితే, "లాగిన్ సరికానీ, అంతా ఒకేసారి చూద్దాం" అనేవాడు.

ఒకనాడు డ్రైవర్ అన్న ఫోన్ చేశాడు. ముందు నవ్వు వినబడింది, తర్వాత మాట. "చెల్లీ, రేపు సార్‌కు శాలువా కప్పుతారంట. కోడి కూయకముందే లేచి బిల్లులు కొడతాడని సబ్బుల కంపెనీవాళ్ళు కనిపెట్టినారంట."

"సార్ లేచేది ఎప్పుడన్నా?"

"పాలు విరిగినాక."

పాపకు టోపీ, స్వెట్టర్, ఇంకో స్వెట్టర్ సంచిలో పెట్టుకుని రైలెక్కాను. కిటికీ గాలి తగులుతుందేమోనని చీర కొంగుతో కప్పి, కప్పితే ఊపిరాడదేమోనని తీసి, దారంతా అదే పని. ఎలాగైనా ఆ రోజు నా లాగిన్ సంగతి తేల్చుకోవాలి.

గోడౌన్లో కుర్చీలు వేశారు. సబ్బుల కంపెనీ అధికారి మైకు పట్టుకున్నాడు. "చాలామంది యజమానులకు సిస్టమ్ ఆన్ చేయడం కూడా రాదు. ఈయన స్వయంగా, సూర్యుడి కంటే ముందు కూర్చుంటారు. మా రికార్డుల్లో ఉంది. వ్యాపారాన్ని కన్నబిడ్డలా చూసుకోవడం అంటే ఇదీ!" చప్పట్లు. శాలువా. యజమాని మైకు తీసుకున్నాడు.

"వ్యాపారమంటే తపస్సు సార్. నాకు నిద్ర యాడిది?"

హమాలీలు నేల చూపులు చూశారు. డ్రైవర్ అన్నకు దగ్గు తెర వచ్చింది. నా భుజం మీద పాప ఆ మైకు హోరుకు బెదిరి ఏడుపు అందుకుంది. బయటకు తీసుకుపొమ్మని పెద్దక్క చేత్తో సైగ చేసింది. చప్పట్లు అయిపోయేదాకా ఎండలో నిలబడ్డాను.

జనం వెళ్ళాక అద్దాల గదిలోకి వెళ్ళాను. "సార్, నా పాత లాగిన్ రాకపోతే కొత్తది ఒకటి ఇప్పించండి. నేను చేసే పని నా పేరు మీద ఉండాల."

"నా పేరుతో చేస్తాండావు గదమ్మా. నా పేరేమన్నా చిన్నదా?" శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

బావమరిది తెర నా వైపు తిప్పాడు. "ఇదిగో, చూడు. నువ్వు కాన్పుకు పోయినకాడి నుంచి నీ పేరు మీద సున్నా. ఒక్క బిల్లు లేదు. పని చేయని మనిషిని ఉద్యోగంలో ఉన్నట్టు ఎట్ల చూపిస్తాం బావా?"

"ఆ బిల్లులు కొట్టేది నేనని మీకు తెలీదా?" అన్నాను.

"మాకు తెలిస్తే ఏం లాభం? కంప్యూటర్ అబద్ధం చెప్పదు గదా."

నన్ను అశౌచంలో పెట్టిన కంప్యూటర్ గురించి అంటున్నాడా మాట. యజమాని నా మేలు కోరేవాడిలా గొంతు మెత్తబరిచాడు. "పిల్లతల్లివి. ఉద్యోగం అనుకుంటే బరువు, ఎందుకు చెప్పు? ఇంట్లో ఉండి తీరికైనప్పుడు ఇట్ల సాయం చేస్తా ఉండు. నీకూ కాలక్షేపం."

కాలక్షేపం! పాప లేస్తే పాలిస్తూనే ఒంటిచేత్తో ఈశాన్యం, ఆగ్నేయం నొక్కుకున్న తెల్లవారుజాములన్నిటికీ ఆయన పెట్టిన పేరు అది. అక్కడ నేను చాలా మాటలు అన్నట్టు ఇప్పుడు రాసుకోవచ్చు. "పోయొస్తా సార్" అని మాత్రమే అన్నాను. రైల్లో పాప నిద్రపోయింది, నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్‌ను బీరువా పైన, చేతికి అందనంత ఎత్తులో పెట్టాను.

మర్నాడు పొద్దున బాగా పొద్దెక్కాక ఫోన్ మోగింది.

"అమ్మా, బండ్లన్నీ నిలబడినాయి. బామ్మర్ది పేరుతో కొడితే ఎరుపే వస్తాంది. నా పాస్‌వర్డ్ ఏంది?"

వెనక డ్రైవర్ల గోల, హారన్లు వినబడుతున్నాయి. చెప్పకుండా పెట్టేయొచ్చు. కానీ పేరు ఆయనది, తలుపు ఆయనది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను. ఆయన ఒక్కొక్కటే పైకి అనుకుంటూ కొట్టాడు. మధ్యలో ఒకటి తప్పింది, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తెరుచుకుంది.

"ఇదెవరి పేరమ్మా?" అన్నాడు.

"మా పాపది సార్. మీరు చూసుకోమన్న రోజే మార్చినా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ పాస్‌వర్డ్ మార్చుకునే చోటు ఎక్కడుందో అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

ఇది జరిగి నెల దాటింది. నేను నాలుగు చోట్ల దరఖాస్తులు పెట్టాను. మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అందరూ అడుగుతున్నారు. మొన్న డ్రైవర్ అన్న పాపను చూడటానికి వచ్చి, దాన్ని పేరు పెట్టి పిలిచాడు. "నీకెట్ల తెలుసన్నా?" అంటే, "గోడౌన్లో అందరికీ తెలుసు చెల్లీ" అన్నాడు. "సార్ రోజూ పొద్దున పైకి చదువుకుంటా ఒంటివేలుతో కొడతాడు గదా. అది అయ్యేదాకా ఒక్క బండి కూడా కదల్దు."